మందు వాడుతున్నా ఎముక విరిగితే: మార్చే ముందు చూడవలసినవి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా తిరిగి చెబుతాను, ఎందుకంటే సమాధానంలో చాలా భాగం మీరు యథాలాపంగా రాసిన వివరాల్లోనే ఉంది. మీ అమ్మగారికి 71 ఏళ్లు. మునుగోడు దగ్గరి ఊళ్లో పుట్టి పెరిగి, నలభై దాటాక కుటుంబంతో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి స్థిరపడ్డారు. ఆస్టియోపోరోసిస్‌కు, అంటే ఎముకలు గుల్లబారడానికి, మూడేళ్లుగా వారానికొకసారి అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. దానితో పాటు కాల్షియం, విటమిన్ డి, థైరాయిడ్ మాత్ర, బీపీ మాత్ర, గ్యాస్‌కు పాంటోప్రజోల్ ఉన్నాయి. ఎముక సాంద్రత కొలిచే మొదటి డెక్సా స్కాన్‌లో వెన్ను టి-స్కోరు (వయసులో ఉన్నవారి ఎముకతో పోల్చి చెప్పే అంకె, ఎంత మైనస్ అయితే అంత బలహీనం) మైనస్ 2.9, తుంటి మైనస్ 2.5. రెండేళ్ల తర్వాత వేరే సెంటర్‌లో తీయిస్తే వెన్ను మైనస్ 2.5కి మెరుగుపడింది గానీ తుంటి మైనస్ 2.8కి దిగింది. పోయిన నెల స్నానాల గది ముందు జారిపడి మణికట్టు విరిగింది. మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి ఏమాత్రం తగ్గలేదు. పక్కింటావిడ ఆరు నెలలకొకసారి వేసే ఇంజెక్షన్‌కు మారమంటున్నారు. బంధువొకరు ఈ మందులు దవడ ఎముకను తినేస్తాయి, వెంటనే మానేయమంటున్నారు. మందు పనిచేయడం లేదా, మార్చాలా, మానాలా అన్నది మీ సందేహం.

హైదరాబాద్‌లో హార్మోన్ల వైద్యుడిగా పనిచేస్తూ ఇదే సందేహంతో వచ్చే కూతుళ్లను, కొడుకులను ఎందరినో చూస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మానవద్దు. మార్చవలసి రావచ్చు, కానీ ఇవాళే కాదు. ‘మందు పనిచేయలేదు’ అన్నది అన్నీ పరిశీలించాక చివరన తేల్చవలసిన మాట. దానికి ముందు ఆ మందు అసలు ఎముక దాకా చేరిందా, చేరినా పనిచేయడానికి ఎముకలో కావలసిన సరుకు ఉందా, ఎముకను లోపలి నుంచి తినేస్తున్న వేరే జబ్బేదైనా ఉందా, మనం కొలిచిన కొలత సరైనదేనా అన్నవి తేలాలి. ఇవి తేలకుండా ఎంత ఖరీదైన ఇంజెక్షన్‌కు మారినా రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే ప్రశ్న అడగవలసి వస్తుంది.

నొప్పుల సంగతి మొదట పక్కన పెడదాం. ఆస్టియోపోరోసిస్‌లో ఎముక విరిగేదాకా సాధారణంగా నొప్పి ఉండదు. మోకాళ్ల నొప్పి కీళ్ల అరుగుదల వల్ల వచ్చేది. అలెండ్రోనేట్ దానికి మందు కాదు. కాబట్టి మోకాళ్లు తగ్గలేదన్న కారణంతో ఎముకల మందును తప్పుపట్టడం సరికాదు. ఎందరో పెద్దవాళ్లు ఈ ఒక్క కారణంతోనే మాత్ర మానేసి, తర్వాత తుంటి విరిగి వస్తారు. నడుం నొప్పి మాత్రం వేరే విషయం, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక ఎముక విరగడం. ఏ మందూ ఎముక ఇక విరగదని హామీ ఇవ్వదు, విరిగే అవకాశాన్ని తగ్గిస్తుంది. 1996లో అలెండ్రోనేట్‌పై వెలువడిన పెద్ద ప్రయోగంలో, అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న మహిళలను మూడేళ్లు గమనించారు. మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి 15 మందికి కొత్తగా వెన్నుపూస విరిగితే, మందు వేసుకున్నవారిలో 8 మందికి విరిగింది. అంటే మందు బాగా పనిచేస్తున్నప్పుడు కూడా కొందరికి విరుగుతుంది. అందుకే అంతర్జాతీయ ఆస్టియోపోరోసిస్ ఫౌండేషన్ నిపుణుల బృందం 2012లో వైఫల్యానికి ఒక నిర్వచనం ఇచ్చింది. కనీసం ఏడాది సక్రమంగా మందు వాడాక రెండు చోట్ల విరిగితే వైఫల్యమే. ఒక్కచోటే విరిగితే, దానికి తోడు ఎముక సాంద్రత గణనీయంగా తగ్గడమో, ఎముక కరుగుతున్నట్లు రక్తపరీక్ష చెప్పడమో ఉండాలి. ఏమీ విరగకపోయినా ఈ రెండూ కలిసి కనిపిస్తే అదీ వైఫల్యమే. చేతివేళ్లు, పాదం, చీలమండ, పుర్రె విరగడం ఈ లెక్కలోకి రావు. మణికట్టు వస్తుంది. కాబట్టి అమ్మగారి విషయంలో ఇప్పటికి ఉన్నది గట్టి అనుమానమే గానీ తీర్పు కాదు. ‘జారిపడితే ఎవరికైనా విరుగుతుంది కదా’ అని కొట్టిపారేయడమూ తప్పే. నిలబడిన ఎత్తు నుంచి పడితే ఆరోగ్యంగా ఉన్న ఎముక మామూలుగా విరగదు.

సాంద్రత పెరగకుండా నిలకడగా ఉండటం కూడా విజయమేనని ఇక్కడే చెప్పాలి. ఈ వయసులో మందు లేకపోతే ఎముక ఏటేటా తరుగుతూనే ఉంటుంది. ఆ తరుగు ఆగిందంటే అలెండ్రోనేట్ తన పని చేసినట్లే.

ఇప్పుడు మాత్ర వేసుకునే తీరు చూద్దాం. నేను ఎక్కువ సమయం వెచ్చించేది ఇక్కడే, ఎందుకంటే పనిచేయలేదన్న కేసుల్లో చాలావాటికి కారణం ఇక్కడే దొరుకుతుంది. అలెండ్రోనేట్ సరిగ్గా పరగడుపున వేసుకున్నా పేగుల నుంచి ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కాఫీతోనో నారింజ రసంతోనో వేసుకుంటే ఆ కొంచెంలో కూడా దాదాపు 60 శాతం పోతుంది. టిఫిన్‌తో పాటో, తిన్న తర్వాతో వేసుకుంటే ఒంటికి పట్టేది దాదాపు సున్నా. పాలు, కాల్షియం మాత్ర, గ్యాస్‌కు తాగే తెల్లటి సిరప్ కూడా అంతే, మందును పేగులోనే కట్టిపడేస్తాయి. అందుకే నిద్రలేచిన వెంటనే, ఏమీ తినకముందు, ఒక పెద్ద గ్లాసు మామూలు మంచినీళ్లతో మాత్రను మింగాలి. కాల్షియం ఎక్కువగా ఉండే ఉప్పటి బోరు నీళ్లతో కాకుండా వడపోసిన నీళ్లతోనో, నల్లా నీళ్లతోనో మింగమంటాను. తర్వాత కనీసం అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, మళ్లీ నడుం వాల్చకూడదు. కూర్చోవచ్చు, నిలబడవచ్చు, నడవవచ్చు. పడుకుంటే మాత్ర అన్నవాహికలో ఆగి పుండు చేస్తుంది. ఛాతీలో మంట వస్తే దానికి పాంటోప్రజోల్ మొదలవుతుంది, లేదా అమ్మగారు ఎవరికీ చెప్పకుండా రెండు వారాలకొకసారి వేసుకోవడం మొదలుపెడతారు.

అమ్మగారికి పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర కూడా ఉందని రాశారు. పొద్దున్నే పరగడుపున వేసుకోవాలని ఇద్దరు డాక్టర్లు రెండు మాత్రలు రాస్తే, ఇంట్లో రెండూ కలిపి ఒకేసారి మింగించడం నేను తరచుగా చూసే సంగతి. కాల్షియం కూడా ఆ పిడికిట్లోనే చేరుతుంది. దానికి నేను చెప్పే పద్ధతి ఇది. వారంలో ఒక రోజు, ఆదివారం అనుకోండి, ముందు అలెండ్రోనేట్ ఒక్కటే వేసుకోవాలి. అరగంట ఆగి థైరాయిడ్ మాత్ర, ఇంకో అరగంట ఆగి కాఫీ. కాల్షియం ఎప్పుడూ మధ్యాహ్నం భోజనం తర్వాతో, రాత్రి భోజనం తర్వాతో. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. వచ్చే ఆదివారం మీరే పొద్దున్న పక్కన ఉండి అమ్మగారు మాత్ర ఎలా వేసుకుంటున్నారో ఏమీ సరిదిద్దకుండా చూడండి. అడిగితే అందరూ ‘సరిగ్గానే వేసుకుంటున్నా’ అంటారు. చూస్తే తెలుస్తుంది. పాత మందుల బిల్లులు ఉంటే మూడేళ్లలో ఎన్ని పట్టీలు కొన్నారో కూడా లెక్క చూడండి. నాలుగు మాత్రల పట్టీ నాలుగు వారాలకు వస్తుంది కాబట్టి ఏడాదికి 13 పట్టీలు ఉండాలి. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ మాత్రలు మొదలుపెట్టినవారిలో దాదాపు సగం మంది ఏడాది తిరిగేలోపే ఆపేస్తారు లేదా తప్పిస్తారు. ఇందులో అమ్మగారిని తప్పుపట్టేదేమీ లేదు. ఏ నొప్పీ తగ్గించని మాత్రను ఇన్ని నియమాలతో ఏళ్ల తరబడి వేసుకోవడం నిజంగానే కష్టం.

మందు చేరినా, ఎముక కట్టడానికి విటమిన్ డి, కాల్షియం, మాంసకృత్తులు కావాలి. ఇంత ఎండ కాసే హైదరాబాద్‌లో విటమిన్ డి లోపం ఇంతగా ఉండటం చాలామందికి నమ్మశక్యంగా ఉండదు గానీ, ఫ్లాట్‌లో ఉండి, చీర కొంగు నిండుగా కప్పుకుని, పొద్దు ఎక్కకముందే పాలప్యాకెట్ తెచ్చుకుని లోపలికి వెళ్లే పెద్దావిడకు ఎండ తగిలేదెక్కడ? 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్షలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపమే, ఎముకల మందు వాడుతున్నవారిలో 30 దాటి ఉండాలని మేము చూస్తాం. 60,000 యూనిట్ల సాచెట్ లేదా క్యాప్సూల్ వారానికొకటి ఎనిమిది వారాలు, తర్వాత నెలకొకటి అన్నది సాధారణంగా రాసే పద్ధతి. దాన్ని పొరపాటున రోజూ వేసుకుని రక్తంలో కాల్షియం పెరిగి, కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరేవారూ ఉన్నారు కాబట్టి చీటీని జాగ్రత్తగా చదవండి. ఒకేసారి లక్షల యూనిట్లు ఇచ్చే ఇంజెక్షన్లను పెద్దవారికి నేను రాయను. ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా పరిశోధనలో, 2010లో తేలినదేమిటంటే, ఆ మహిళలు తక్కువ కాదు, ఎక్కువ పడ్డారు, ఎముకలూ ఎక్కువ విరిగాయి.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాల ప్రకారం నెలసరి ఆగిన మహిళకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 360, గ్లాసు పాలలో దాదాపు 240 మిల్లీగ్రాములు వస్తాయి. రాగిజావ, రెండు పూటలా పెరుగు, మునగాకు పప్పు ఉన్న ఇంట్లో మిగతా లోటుకు ఒక మాత్ర చాలు. మాత్ర మీద 1,250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని ఉంటే అందులో ఉన్న అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. ఆ ఆమ్లాన్నే పాంటోప్రజోల్ ఆపుతుంది. ఏళ్ల తరబడి పాంటోప్రజోల్ వాడేవారిలో ఎముకలు విరగడం కొంత ఎక్కువని కూడా గమనించారు. అందువల్ల అది నిజంగా అవసరమా అని అడగండి, అవసరమైతే కాల్షియం సిట్రేట్‌కు మారమని అడగండి. ఎముక విరిగిన ఇంట పాయా చేసి పెట్టడం మన నగరంలో మతాలకు అతీతంగా ఉన్న ఆచారం. అమ్మగారికి ఇష్టమైతే పెట్టండి, కానీ ఎముకను ఎంత ఉడికించినా అందులోని కాల్షియం రసంలోకి దిగేది చాలా తక్కువ. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలతో మాంసకృత్తులు అందితే ఎముకకే కాదు, పడిపోకుండా నిలబెట్టే కండకూ బలం.

ఇప్పుడు మీ స్కాన్‌ల దగ్గరికి వస్తాను. వెన్ను మెరుగుపడి తుంటి తగ్గిందన్న మీ మాట చదవగానే నాకు ఆగి ఆలోచించాలనిపించింది. రెండు వేర్వేరు యంత్రాల మీద తీసిన స్కాన్‌ల టి-స్కోర్లను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కంపెనీని బట్టి యంత్రాల కొలతలు మారుతాయి. ఒకే యంత్రం మీద, వీలైతే ఒకే టెక్నీషియన్ తీసినవాటిలో, టి-స్కోరును కాకుండా చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాములన్న అంకెను పోల్చాలి. అక్కడ కూడా చిన్న తేడాలు లెక్కలోకి రావు. తుంటి 0.712 నుంచి 0.690కి వచ్చిందనుకుంటే అది 3 శాతం తేడా, మనిషిని పడుకోబెట్టిన తీరు మారినా అంత వస్తుంది. 5 శాతం దాకా తేడాను కొలతలోని హెచ్చుతగ్గుగానే చూడటం మంచిది. అపార్ట్‌మెంట్లలో ఉచిత శిబిరాలు పెట్టి మడమ మీద చూసే యంత్రపు అంకెలను ఈ పోలికలోకి తీసుకురావద్దు.

వెన్ను అంకె పెరగడాన్ని చూసి సంతోషించే ముందు ఇంకో సంగతి. 70 దాటినవారి వెన్నులో అరుగుదల వల్ల ఏర్పడే అదనపు ఎముక ముళ్లు, వెన్ను ముందు నుంచి వెళ్లే మహాధమనిలో పేరుకున్న సున్నం, అణగిపోయిన వెన్నుపూస, ఇవన్నీ స్కాన్‌లో సాంద్రత పెరిగినట్లు చూపిస్తాయి. అణగిన వెన్నుపూసలో ఉన్న ఎముకే చిన్న చోటులో కుదించుకుపోయి దట్టంగా కనిపిస్తుంది. అందువల్ల ఈ వయసులో తుంటి అంకెనే నేను ఎక్కువగా నమ్ముతాను. విరిగిన వెన్నుపూసల్లో మూడింట రెండు వంతులు ఎవరి దృష్టికీ రావు, వయసు నడుం నొప్పి అనుకుని ఊరుకుంటారు. అమ్మగారిని చెప్పులు లేకుండా గోడకు ఆనించి, మడమలు గోడకు తాకేలా నిలబెట్టి, తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి గీత గీసి ఎత్తు కొలవండి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లకు మించి తగ్గినా, గూని కనిపిస్తున్నా, వెన్నుకు పక్క నుంచి ఎక్స్‌రే తీయించాలి. ఆమెకు నడుం నొప్పి ఉంది కాబట్టి ఎత్తు ఎంతున్నా తీయించమనే నా సలహా. అందులో వెన్నుపూస కొత్తగా అణగి ఉంటే మణికట్టుతో కలిపి రెండు చోట్ల విరిగినట్లే, అప్పుడిక మందు సంగతి దాదాపు తేలిపోయినట్లే.

మునుగోడు ప్రస్తావన కూడా చిన్నది కాదు. నల్లగొండ జిల్లాలో ఆ ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎంత ఉండేదో, ఎన్ని తరాల కాళ్లూ నడుములూ వంకర్లు పోయాయో తెలుగువారికి వేరుగా చెప్పనక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావన్నది ప్రమాణం. నలభై ఏళ్లు ఆ బావుల నీళ్లు తాగిన మనిషి ఎముకలో చేరిన ఫ్లోరైడ్, నగరానికి వచ్చి కృష్ణా నీళ్లు తాగినంత మాత్రాన వెళ్లిపోదు, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఫ్లోరైడ్ పట్టిన వెన్ను డెక్సాలో దట్టంగా కనిపిస్తుంది గానీ ఆ ఎముక పెళుసు. దాని వెనుక ఎముక మెత్తబడే ఆస్టియోమలేసియా, రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం కూడా దాగి ఉండవచ్చు. దీనికి మీరు కొత్తగా ఏమీ తీయించనక్కర్లేదు. మణికట్టుకు తీసిన ఎక్స్‌రేలో మోచేతి దాకా ఎముకలు కనిపిస్తుంటే, ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఖాళీలో సున్నం గీతలా పేరుకుని ఉందేమో రేడియాలజిస్టును ప్రత్యేకంగా చూడమనండి. ఫ్లోరోసిస్‌కు అది బాగా తెలిసిన గుర్తు. విరిగిన చోటునే చూసి రిపోర్టు రాస్తారు కాబట్టి అడగకపోతే అది దాటిపోతుంది. ఒకవేళ ఆ గుర్తు ఉంటే, ముందు విటమిన్ డి, కాల్షియం సరిచేసి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక జబ్బుల్లో పెరిగే ఎంజైము), పారాథైరాయిడ్ హార్మోన్ ఎలా ఉన్నాయో చూశాకే ఏ ఎముకల మందైనా నిర్ణయించాలి.

వేరే జబ్బుల కోసం చేయించవలసిన రక్తపరీక్షలు పెద్ద ఖర్చువి కావు. కాల్షియం, ఆల్బుమిన్, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), రక్తకణాల సంఖ్య, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే పరీక్ష). రక్తహీనత ఉన్నా, ఈఎస్‌ఆర్ బాగా పెరిగినా, మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ కోసం సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్తపరీక్ష తప్పనిసరి. ఎముకలు గుల్లబారాయని ఏళ్ల తరబడి వైద్యం సాగుతూ చివరికి అది మైలోమా అని తేలిన సందర్భాలు వైద్యులందరికీ తెలుసు. కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ రెండూ ఎక్కువగా ఉంటే ఆ గ్రంథిలో గడ్డ ఉండవచ్చు, దానికి ఆపరేషన్ ఉంది. టీఎస్‌హెచ్ సాధారణం కంటే బాగా తక్కువగా ఉంటే అమ్మగారి థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైందని అర్థం. ఆ అదనపు మోతాదే ఎముకను కరిగిస్తుంది, మోతాదు తగ్గిస్తే సరిపోతుంది. జుట్టు కోసం బయోటిన్ ఉన్న మాత్రలు వేసుకుంటున్నట్లయితే పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపండి, అది ఈ హార్మోన్ పరీక్షలను తారుమారు చేస్తుంది.

మందుల చరిత్రలో స్టెరాయిడ్‌ను వెతకాలి. ఆస్తమాకు, కీళ్లవాతానికి డాక్టరు రాసినవి చీటీలో ఉంటాయి. చీటీ లేనివే నాకు భయం. మోకాళ్ల నొప్పులకు పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడి, ‘మూడు రోజుల్లో లేచి నడుస్తారు’ అనే గోళీలు, ఊళ్లో తెలిసిన ఆర్ఎంపీ దగ్గర వేయించుకునే ఇంజెక్షన్లు, వీటిలో స్టెరాయిడ్ కలిసి ఉండటం అరుదు కాదు. నొప్పి అద్భుతంగా తగ్గడమే దానికి ఆనవాలు. అమ్మగారిని కోప్పడకుండా, మెల్లగా అడగండి. వాడుతున్నట్లయితే ఒక్కసారిగా ఆపవద్దు, అది ప్రాణాపాయం కావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో తగ్గించుకుంటూ రావాలి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, రొమ్ము క్యాన్సర్‌కు వాడే లెట్రోజోల్, షుగరుకు వాడే పియోగ్లిటజోన్ కూడా ఎముకను బలహీనపరుస్తాయి.

మందు ఎముకకు చేరుతోందో లేదో చెప్పే రక్తపరీక్ష ఒకటుంది, దాన్ని సీటీఎక్స్ అంటారు. ఎముక కరిగినప్పుడు రక్తంలోకి వచ్చే ముక్కలను అది కొలుస్తుంది. పొద్దున్నే పరగడుపున ఇవ్వాలి, లేకపోతే అంకెకు అర్థం ఉండదు. అలెండ్రోనేట్ సరిగ్గా పడుతున్న మనిషిలో అది బాగా తక్కువగా ఉండాలి. మూడేళ్ల తర్వాత కూడా ఎక్కువగానే ఉందంటే మాత్ర కడుపులోనే ఆగిపోతోందని, లేదా వేరే జబ్బు ఎముకను కరిగిస్తోందని అర్థం. ఒక జాగ్రత్త: ఎముక విరిగిన తర్వాత కొన్ని నెలల పాటు అతుకు పడే క్రమంలో సీటీఎక్స్ దానంతటదే పెరుగుతుంది. మణికట్టు విరిగి నెలే అయింది కాబట్టి ఇప్పుడు తక్కువగా వస్తే నమ్మవచ్చు, ఎక్కువగా వస్తే దాన్నొక్కదాన్నే పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు.

ఇవన్నీ చూశాక మార్చవలసిందే అని తేలితే దేనికి మార్చాలి? నిపుణులు అనుసరించే దారి సూటిగానే ఉంది. బలహీనమైన మందు నుంచి అదే జాతిలోని బలమైనదానికి, మాత్ర నుంచి ఇంజెక్షన్‌కు, ఎముక కరగడాన్ని ఆపే బలమైన మందు కూడా చాలకపోతే ఎముకను కొత్తగా కట్టే మందుకు వెళ్లాలి. సమస్య మాత్ర పట్టకపోవడమే అయితే, ఏడాదికొకసారి సెలైన్‌లో ఇచ్చే జోలెడ్రోనిక్ ఆసిడ్ 5 మిల్లీగ్రాములు నా మొదటి ఎంపిక. 2007లో వెలువడిన ప్రయోగంలో అది మూడేళ్లలో వెన్నుపూస విరగడాన్ని 70 శాతం, తుంటి విరగడాన్ని 41 శాతం తగ్గించింది. పరగడుపు నియమాలు లేవు, మరిచిపోయే మాత్ర లేదు. మొదటిసారి ఇచ్చినప్పుడు రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, పారాసిటమాల్‌తో తగ్గుతాయి. కిడ్నీల వడపోత వేగం (క్రియాటినిన్ నుంచి లెక్కగట్టే అంకె) నిమిషానికి 35 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉంటే ఇవ్వకూడదు. విటమిన్ డి సరిచేయకుండా ఇస్తే కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుంది.

పక్కింటావిడ చెప్పిన ఆరు నెలల ఇంజెక్షన్ డెనోసుమాబ్. అది మంచి మందు, 2009 నాటి ప్రయోగంలో వెన్నుపూస విరగడాన్ని 68 శాతం తగ్గించింది, కిడ్నీలు కొంత బలహీనంగా ఉన్నవారికీ ఇవ్వవచ్చు. కానీ మొదలుపెట్టే రోజునే కుటుంబమంతా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. దాన్ని ఇష్టం వచ్చినప్పుడు ఆపడానికి వీల్లేదు. ఆరు నెలల ఇంజెక్షన్ ఏడో నెల దాటితే, అదుపులో ఉన్న కరుగుదల ఒక్కసారిగా తిరగబడుతుంది, కొందరిలో రెండు మూడు వెన్నుపూసలు వరుసగా అణగిపోతాయి. ఆపాలనుకుంటే వెంటనే జోలెడ్రోనిక్ లాంటి మందుతో కొనసాగించాలి. కొన్నాళ్లు హైదరాబాద్‌లో, కొన్నాళ్లు ఊళ్లో, కొన్నాళ్లు అమెరికాలో కొడుకు దగ్గర ఉండే పెద్దవారికి దీన్ని రాయడానికి నేను చాలా ఆలోచిస్తాను. డోసు తేదీని ఎవరు గుర్తుపెట్టుకుంటారో తేలాకే రాస్తాను.

వెన్నుపూసలు విరిగి ఉన్నా, బలమైన మందు మీద కూడా ఎముకలు విరుగుతున్నా, టెరిపారటైడ్ ఆలోచించాలి. పాత గోడ పెచ్చులూడకుండా చూడటం ఒకటైతే, కొత్త ఇటుక పేర్చడం ఇంకొకటి. మిగతా మందులు మొదటి పని చేస్తే ఇది రెండో పని చేస్తుంది. రోజుకు 20 మైక్రోగ్రాములు, పొట్ట మీదో తొడ మీదో ఇన్సులిన్‌లా పెన్‌తో, గరిష్ఠంగా రెండేళ్లు. పెన్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి. అలెండ్రోనేట్ జాతికే చెందిన రిసెడ్రోనేట్ మాత్రతో పోల్చి చూసిన ప్రయోగంలో దీన్ని వాడినవారికి కొత్తగా వెన్నుపూస విరగడం సగానికి పైగా తక్కువ. రెండేళ్లు అయ్యాక ఊరుకోకూడదు. కట్టిన ఎముక నిలవాలంటే వెంటనే జోలెడ్రోనిక్‌కో అలాంటిదానికో మారాలి. పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా ఉన్నా, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కారణం తెలియకుండా పెరిగి ఉన్నా, ఎముకకు రేడియేషన్ ఇచ్చి ఉన్నా ఇది ఇవ్వకూడదు. డెనోసుమాబ్ వాడి నేరుగా దీనికి మారితే తుంటి ఎముక కొంతకాలం ఇంకా తగ్గుతుంది కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అన్నది మందంత ముఖ్యం. రోమోసోజుమాబ్ అనే నెలవారీ ఇంజెక్షన్ కూడా ఎముకను కట్టేదే. గడచిన ఏడాదిలో గుండెపోటో పక్షవాతమో వచ్చినవారికి అది తగదు.

దవడ గురించిన భయం పూర్తిగా అబద్ధం కాదు, కానీ దాని పరిమాణం తెలియాలి. దవడ ఎముక దెబ్బతినడం క్యాన్సర్ రోగులకు ఇచ్చే పెద్ద మోతాదుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆస్టియోపోరోసిస్ మోతాదుల్లో ఏడాదికి పదివేల మందిలో ఒకరి కంటే తక్కువ. తుంటి విరిగిన పెద్దవారిలో ఎంతమంది మంచాన పడతారో, ఎంతమందిని ఏడాదిలోపే కోల్పోతామో చూసినవారెవరూ ఈ రెంటినీ ఒకే తక్కెడలో పెట్టరు. పీకవలసిన పళ్లు ఉంటే ఇంజెక్షన్‌కు ముందే పీకించండి, చిగుళ్లు శుభ్రంగా ఉంచండి, దంతవైద్యుడికి ఈ మందు పేరు చెప్పండి.

మందు ఏదైనా, అమ్మగారు పడకపోతే మణికట్టు విరిగేది కాదు. పడ్డది స్నానాల గది ముందు. పాలిష్ చేసిన గ్రానైటు మీద నీళ్లు కనిపించవు. గది బయట పరిచిన పలచటి పట్టా కాలితో పాటే జరుగుతుంది. పట్టా తీసేసి, కింద రబ్బరు ఉన్న చాప వేయండి. కమోడ్ పక్కన, నల్లా పక్కన గోడకు స్టీలు పిడులు బిగించండి. బకెట్ లేపకుండా కూర్చుని స్నానం చేసేలా ఎత్తైన, కదలని స్టూలు పెట్టండి. రాత్రి మంచం నుంచి బాత్‌రూమ్ దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. నైటీ, చీర అంచు మడమ కంటే పైకి ఉండాలి. పండగ రోజు ఇల్లు కడిగేటప్పుడు ఆరేదాకా అమ్మగారిని ఒకచోట కూర్చోబెట్టండి. బీపీ పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూడండి. నిలబడగానే పై అంకె 20 పాయింట్లు పడిపోతుంటే బీపీ మాత్రను సరిచేయాలి. నిద్రమాత్ర ఉంటే దాన్ని ఎలా తగ్గించాలో డాక్టరును అడగండి. కంట్లో శుక్లం ఉంటే ఆపరేషన్ వాయిదా వేయవద్దు.

వ్యాయామంలో నడక ఒక్కటే చాలదు, కాళ్లకు బలం కావాలి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగది గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం రోజూ చేయించండి. వెన్ను ఎక్స్‌రే చూసేదాకా ముందుకు వంగే యోగాసనాలు, నేల మీద కత్తిపీట ముందు వంగి కూర్చోవడం, నీళ్ల బిందె ఎత్తడం వద్దు.

ఈ వారం అలెండ్రోనేట్‌ను సరైన పద్ధతిలో కొనసాగిస్తూ రక్తపరీక్షలు, వెన్ను ఎక్స్‌రే చేయించండి. రెండు డెక్సా రిపోర్టులను అంకెల పేజీలతో సహా, మణికట్టు ఫిల్మ్‌తో సహా, ఇంట్లో ఉన్న ప్రతి మందు పట్టీతో సహా ఒక సంచిలో పెట్టుకుని ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల వైద్యుడిని, కలవండి. నిమ్స్‌లో ఈ విభాగం ఉంది. మందు మారిస్తే మూడు నుంచి ఆరు నెలలకు సీటీఎక్స్, ఏడాదికి అదే యంత్రం మీద డెక్సా చూస్తారు. ఈలోగా తొడ మధ్యలోనో గజ్జలోనో దెబ్బ తగలకుండానే నొప్పి మొదలైతే, ఏళ్ల తరబడి అలెండ్రోనేట్ లాంటి మందులు వాడినవారిలో అరుదుగా తొడ ఎముక అడ్డంగా చిట్లుతుంది కాబట్టి, ఆ కాలి మీద బరువు మోపకుండా రెండు తొడలకూ ఎక్స్‌రే తీయించాలి. ఒక్కసారిగా నడుంలో పొడిచినట్లు నొప్పి వచ్చినా, కాళ్లలో తిమ్మిరో బలహీనతో కనిపించినా, మూత్రం మీద అదుపు తప్పినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.